మీరు పక్కకు నెట్టిన గ్రాఫే మీ పేపర్

ప్రశ్న: నేను పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్నాను. ఉక్కు తుప్పు పట్టకుండా వేసే ఎపాక్సీ పూతలో నానో బంకమన్ను కణాలు కలిపి, అది ఎంత కాలం కాపాడుతుందో పరీక్షిస్తున్నాను. రెండున్నరేళ్ల పని తర్వాత మొదటి పేపర్ రాసి ఒక పెద్ద జర్నల్‌కి పంపాను. రివ్యూకి కూడా వెళ్లకుండా నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. "కొత్తదనం స్పష్టంగా లేదు" అని ఒకే ఒక్క వాక్యం రాశారు. మా గైడ్ గారు "ఇంకో చోటికి పంపు" అన్నారు. ఈలోగా వేరే జర్నల్ నుంచి, మీ పరిశోధన చాలా గొప్పది, ఫీజు కడితే వారంలో వేస్తాం అని ఈమెయిల్ వచ్చింది. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. పైగా ఈ పనిలో చెయ్యి పెట్టని ఒక సీనియర్ పేరు కూడా కలపమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. డ్రాఫ్ట్ జత చేశాను. ఏం చేయమంటారు?
(పేరు వేయవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం: ముందు ఆ నాలుగు రోజుల సంగతి చూద్దాం. పేపర్‌ని పరిశీలించే అదే రంగపు నిపుణుల (రివ్యూయర్ల) దాకా వెళ్లకుండా ఎడిటర్ దగ్గరి నుంచే వెనక్కి రావడాన్ని డెస్క్ రిజెక్షన్ అంటారు. పెద్ద జర్నళ్లకు వచ్చే పేపర్లలో చాలా వాటికి ఇదే జరుగుతుంది. మీ రెండున్నరేళ్ల కష్టాన్ని ఎడిటర్ తూకం వేయలేదు. అంత తీరిక వాళ్లకు ఉండదు. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, కవర్ లెటర్ చదివి, బొమ్మలు ఒకసారి తిరగేసి, ఇందులో మా పాఠకులకు కొత్తగా తెలిసేదేమిటి అని వెతికారు. వాళ్లకు దొరకలేదు. దొరకలేదన్నంత మాత్రాన లేదని కాదు. ఇదే మాట ఆరు నెలలు నానబెట్టి చెప్పి ఉంటే మీకు ఇంకా నష్టం జరిగేది.

మీ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకూ దొరకలేదు. రెండోసారి ఏడో బొమ్మ దగ్గర ఆగిపోయాను.

ఆ బొమ్మలో మూడు గీతలున్నాయి: బంకమన్ను 1 శాతం, 2 శాతం, 4 శాతం. కింద చుక్కల గీత ఏమీ కలపని మామూలు ఎపాక్సీది. 3.5 శాతం ఉప్పునీటిలో ఉంచినప్పుడు 1 శాతం కలిపిన పూత మామూలు దానికంటే బాగా కాపాడింది. 2 శాతం ఇంకా బాగా కాపాడింది. 4 శాతం గీత మాత్రం మొదటి వారం పైనే ఉండి, పదో రోజుకి చుక్కల గీత కంటే కిందికి దిగిపోయింది. అంటే ఎక్కువ కలిపిన పూత, అసలు ఏమీ కలపని పూత కంటే ముందే చేతులెత్తేసింది. దీని గురించి మీరు రాసింది ఒకే వాక్యం: "4 శాతం వద్ద స్వల్ప విచలనం గమనించబడింది."

అది స్వల్ప విచలనం కాదు. మీ పేపర్ అంతా అక్కడే ఉంది.

బంకమన్ను కణాలు పలకల్లా ఉంటాయని, నీరు వాటి చుట్టూ తిరిగి లోపలికి పోవాల్సి రావడంతో తుప్పు ఆలస్యమవుతుందని మీ రంగంలో అందరికీ తెలుసు. అందుకే 2 శాతం దగ్గర మెరుగైందని మీరు తొమ్మిది పేజీలు రాసినా ఎడిటర్‌కి కొత్తగా ఏమీ కనిపించలేదు. మరి అదే మన్ను ఇంకొంచెం ఎక్కువైతే పూత ఎందుకు పాడైంది? మీ మైక్రోస్కోప్ ఫోటోల్లోనే జవాబు కనిపిస్తోంది. 4 శాతం ఫోటోలో కణాలు ముద్దలుగా గుంపు కట్టాయి, ముద్దల అంచుల వెంట సన్నటి ఖాళీలున్నాయి. ఉప్పునీటికి అవే దారులై ఉండవచ్చు. ఆ ఫోటోని మీరు పేపర్లోంచి తీసేసి అనుబంధంలో పెట్టారు. మంచిగా వచ్చినవి ముందు, బాగా రానివి వెనక అన్న లెక్కన సర్దుకున్నట్టున్నారు. చాలామంది మొదటి పేపర్‌ని ఇలాగే సర్దుతారు. నేనూ అలాగే సర్దాను.

ఇక్కడ భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ సంగతి ఒకటి చెప్పాలి. 1964లో ఆయన రాసిన రెండు చిన్న పేపర్లలో రెండోదాన్ని ఫిజిక్స్ లెటర్స్ తిప్పి పంపింది. ఆయన దాన్ని ఉన్నదున్నట్టు ఇంకో జర్నల్‌కి పంపేయలేదు. ఈ సిద్ధాంతం నిజమైతే ప్రకృతిలో ఏం కనిపించాలి అన్నది చెబుతూ కొంత భాగం కొత్తగా చేర్చి ఫిజికల్ రివ్యూ లెటర్స్‌కి పంపారు. బరువున్న ఒక కొత్త కణం ఉండాలన్న మాట ఆ చేర్చిన భాగంలోనే ఉంది. 2012లో యూరప్ కణ పరిశోధన కేంద్రమైన సెర్న్‌లో దొరికిందని ప్రకటించిన హిగ్స్ బోసాన్ అదే. మీ పేపర్ అంత పెద్దదా చిన్నదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. తిరిగొచ్చిన పేపర్‌కి ఆయన చేసిన పనిని గమనించండి. ఇందువల్ల తేలేదేమిటి అన్న మాట పేపర్లో లేదు, దాన్ని రాశారు. మీకు కావలసిందీ అదే. అందుకే మీ గైడ్ గారు చెప్పినట్టు వెంటనే ఇంకో చోటికి పంపకండి. ఒక నెల ఆగండి.

ఆ నెలలో మొదట ఒకే ఒక్క వాక్యం రాయండి, అదీ తెలుగులో. "బంకమన్ను ఒక మోతాదు దాటితే కణాలు ముద్ద కట్టి, పూతలో నీటికి దారి ఏర్పడి, రక్షణ పోతుంది." ఇది మీ ఇంట్లో వాళ్లకు చెప్పినా అర్థమవుతుంది. ఇప్పుడు పేపర్లోని ప్రతి బొమ్మనీ ఈ వాక్యం పక్కన పెట్టి చూడండి. దీన్ని నిలబెట్టే బొమ్మ ఉంటుంది, లేనిది అనుబంధంలోకి పోతుంది. మీ పదకొండు బొమ్మల్లో నా లెక్క ప్రకారం ఐదు చాలు.

కానీ ఆ వాక్యంలో ఒక పెద్ద బాధ్యత ఉంది. ముద్దలు కనిపించాయి, రక్షణ పోయింది. ముద్దల వల్లే పోయిందని ఇంకా రుజువు కాలేదు. రెండూ పక్కపక్కన కనిపిస్తే ఒకటి ఇంకోదానికి కారణమని రాసేయడం మన పేపర్లలో తరచూ జరిగే తప్పు. మీకు ఇంకో ప్రయోగం కావాలి. అదే 4 శాతం మన్నుని ఇంకా ఎక్కువసేపు, ఇంకా బాగా కలిపి, ముద్దలు తగ్గాయని ఫోటోలో చూసుకుని, మళ్లీ ఉప్పునీటిలో పెట్టండి. రక్షణ తిరిగొస్తే మీ వాక్యానికి బలం వచ్చినట్టే. రాకపోతే కారణం ఇంకెక్కడో ఉంది. అది ఇప్పుడే తెలియడం మంచిది, అచ్చయ్యాక ఇంకొకరు చెప్పడం కంటే.

మెథడ్స్ విషయంలో కొంచెం కఠినంగా మాట్లాడతాను. "ఉక్కు పలకలను శుభ్రపరచి పూత వేయబడింది" అని రాశారు. ఏ రకం ఉక్కు? ఎంత గరుకు కాగితంతో రుద్దారు? దేనితో కడిగారు? ఎంతసేపు ఆరబెట్టారు? అన్నిటికంటే ముఖ్యం, పూత మందం ఎంత? డ్రాఫ్ట్ అంతా వెతికాను, మందం ఎక్కడా లేదు. మన్ను ఎక్కువైతే ఎపాక్సీ చిక్కబడుతుంది. చిక్కబడితే పూత సమంగా పరుచుకోకపోవచ్చు. 4 శాతం పూత కొన్నిచోట్ల పలచగా పడి ఉంటే, పదో రోజు అది ఓడిపోవడానికి కారణం ముద్దలు కాదు, పలచదనం. నేను మీ రివ్యూయర్‌నైతే మొదట అడిగేది ఇదే. నోట్‌బుక్‌లో మందం కొలతలుంటే పేపర్లో పెట్టండి. లేకపోతే, మిగిలిన పలకల మీద కొలిచే దాకా ఒక్క పేరా కూడా రాయకండి.

అలాగే ఎర్రర్ బార్లు, అంటే కొలతలు ఎంత అటూఇటూ పోయాయో చూపే గీతలు. మూడు రీడింగుల సగటు అని రాశారు. అవి మూడు వేర్వేరు పలకలా, ఒకే పలక మీద మూడుసార్లు తీసిన రీడింగులా? ఒకే పలక అయితే ఆ బార్ మీ మీటర్ ఎంత నిలకడగా ఉందో చెబుతుంది కానీ, మీ పూత ఎంత నిలకడగా ఉందో చెప్పదు. బార్ స్టాండర్డ్ డీవియేషనా (రీడింగులు ఎంత చెదిరాయో), స్టాండర్డ్ ఎర్రరా (సగటు ఎంత కచ్చితమో) అన్నది కూడా బొమ్మ కింద రాయాలి. రెండోది చూడటానికి ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది, అందుకే చదివేవాళ్లు అది ఏదో తెలుసుకోవాలనుకుంటారు.

రాసే వరుస విషయానికొస్తే, మీరు టైటిల్‌తో మొదలుపెట్టి చివరిదాకా రాసుకుంటూ పోయినట్టు కనిపిస్తోంది. పేపర్ చదివే వరుస వేరు, రాసే వరుస వేరు. ముందు బొమ్మలు గీసి బల్ల మీద వరుసగా పరచండి. తర్వాత మెథడ్స్ రాయండి, అవి మీ చేతిలో ఉన్న నిజాలు కాబట్టి కలం ఆగదు. ఆపైన రిజల్ట్స్, డిస్కషన్. ఇంట్రడక్షన్ ఆ తర్వాత, అబ్‌స్ట్రాక్ట్, టైటిల్ చిట్టచివర. మీ ఇంట్రడక్షన్ తుప్పు వల్ల ప్రపంచానికి జరిగే నష్టంతో మొదలై రెండు పేజీలు నడిచింది. తుప్పు చెడ్డదని ఆ జర్నల్ చదివే వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇప్పటివరకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, దానికోసం మేం చేసింది ఇది అని నాలుగు పేరాల్లో తేల్చేయవచ్చు. డిస్కషన్ చివర మీ పని ఎక్కడి దాకా వర్తిస్తుందో మీరే చెప్పేయండి: ఒకే రకం మన్ను, ఒకే ఎపాక్సీ, ల్యాబ్‌లోని ఉప్పునీరు. ఇలా చెప్పుకుంటే పేపర్ బలహీనపడుతుందని మీరనుకోవచ్చు. రివ్యూయర్‌గా నేను అలాంటి పేరా కనిపిస్తే మిగతా పేపర్‌ని ఎక్కువ నమ్ముతాను.

మీ టైటిల్ తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంది: "ఉక్కు రక్షణ కోసం నానో బంకమన్ను కలిపిన నవీన ఎపాక్సీ పూతల తయారీ, స్వభావ నిర్ధారణ, పనితీరుపై అధ్యయనం." ఇందులో మీరు చేసిన పనులన్నీ ఉన్నాయి, కనుక్కున్నది లేదు. "బంకమన్ను కణాలు ముద్ద కట్టడంతో ఎక్కువ మోతాదులో రక్షణ కోల్పోతున్న ఎపాక్సీ పూతలు" అనండి. చదివిన వాళ్లకు వెంటనే "ఎంత మోతాదులో?" అన్న ప్రశ్న పుడుతుంది. అబ్‌స్ట్రాక్ట్ ఆ ప్రశ్నకు అంకెలతో జవాబివ్వాలి. "నవీన" అన్న మాట మాత్రం తీసేయండి. పేపర్లో కొత్తదనం ఉంటే ఆ మాట అక్కర్లేదు.

ఇంగ్లిష్ గురించి మీరు దిగులు పడుతున్నంత సమస్య నాకు కనిపించలేదు. వ్యాకరణం తప్పులు కొన్ని ఉన్నాయి, అవి ఎవరైనా దిద్దుతారు. దిద్దలేనిది వాక్యం పొడవు. మీ మూడో పేజీలో ఒక వాక్యం ఏడు లైన్లు నడిచింది. దానిలో నాలుగు సంగతులున్నాయి, కాబట్టి నాలుగు వాక్యాలు కావాలి. "చేయబడింది", "గమనించబడింది" తరహా రాత గొప్ప అనుకుని రాస్తాం కానీ, "మేం కొలిచాం" అని రాయడానికి ఇప్పుడు చాలా జర్నళ్లకు అభ్యంతరం లేదు. భాష దిద్దుకోవడానికి ఏఐ టూల్ వాడాలనుకుంటే, ముందు ఆ జర్నల్ నియమాలు చదవండి. వాడామని చెప్పమనే జర్నళ్లు చాలా ఉన్నాయి. కానీ రిఫరెన్సులు మాత్రం దానిచేత వేయించకండి. ఒక్కోసారి లేని పేపర్లని ఉన్నట్టు అల్లి ఇస్తుంది, కింద బాధ్యత మాత్రం మీ పేరు మీదే ఉంటుంది. మీరు తెరిచి చదవని పేపర్ మీ జాబితాలో ఉండకూడదు.

ఇక ఆ ఈమెయిల్. జవాబివ్వకండి. ఫీజు అడిగినంత మాత్రాన జర్నల్ చెడ్డదని నేననడం లేదు. ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ప్రచురించే మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు చాలా రచయితల నుంచి ఫీజు తీసుకుంటాయి. తేడా రివ్యూలో ఉంది. తగిన రివ్యూయర్లను వెతకాలి, వాళ్లు ఒప్పుకోవాలి, చదవాలి, మీరు దిద్దాలి, వాళ్లు మళ్లీ చూడాలి. ఇవన్నీ జరుగుతాయని, పైగా చివరికి వేస్తామని పేపర్ చూడకముందే వారం గడువుతో మాటిచ్చేవాళ్లు రివ్యూ చేయబోవడం లేదు. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి సైన్స్ పత్రిక కోసం ఒక పరీక్ష చేశారు. కావాలనే ఘోరమైన తప్పులు పెట్టి, లేని రచయితల పేర్లతో ఒక దొంగ పేపర్ తయారుచేసి 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపారు. 157 జర్నళ్లు వేసుకుంటామన్నాయి. మీ రెండున్నరేళ్ల పనిని అలాంటి పేపర్ల మధ్య పెట్టడానికి నా మనసు ఒప్పడం లేదు. ఒకసారి అక్కడ పడితే వెనక్కి తీసుకోవడం కష్టం. వెనక్కి ఇవ్వడానికి కూడా డబ్బు అడిగేవాళ్లున్నారు. అక్కడ అచ్చయిన పనిని మంచి జర్నల్ మళ్లీ తీసుకోదు.

ఏ జర్నల్ మీద అనుమానం వచ్చినా, అది తన వెబ్‌సైట్‌లో చెప్పుకున్నది నమ్మకుండా బయట చూడండి. జర్నళ్లను నమోదు చేసే స్కోపస్ అనే డేటాబేస్‌లో ఉన్నామంటే స్కోపస్ జాబితాలోనే వెతకాలి. ఓపెన్ యాక్సెస్ అయితే డీఓఏజే అనే డైరెక్టరీలో ఉందేమో చూడాలి. పేరున్న జర్నళ్ల పేరుతోనే నకిలీ సైట్లు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి, సైట్ అడ్రస్ కూడా సరిచూసుకోవాలి.

మరి ఎక్కడికి పంపాలి? మీ రిఫరెన్సుల జాబితా తీసి, ఏ జర్నల్ పేరు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టాను. పూతలు, తుప్పు మీద పనిచేసే రెండు జర్నళ్ల పేర్లు పదే పదే వచ్చాయి. మీ పేపర్ చదవాల్సిన మనుషులు అక్కడున్నారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ తక్కువని వాటిని వదిలేసినట్టున్నారు. గత రెండేళ్లలో ఆ జర్నల్ ప్రచురించిన పేపర్లను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్నదే ఆ అంకె. అది జర్నల్ సగటు, అందులో మీ పేపర్ విలువ ఉండదు. రెండిట్లో ఒకటి ఎంచుకుని, దానికే పంపండి. ఒకేసారి రెండిటికీ పంపడం నియమాలకు విరుద్ధం, తెలిస్తే రెండు చోట్లా తలుపు మూసుకుపోతుంది. ఎవరైనా ముందే ఇదే పని వేసేస్తారేమోనని భయముంటే, జర్నల్ అనుమతిస్తుందో లేదో చూసుకుని కెమ్‌ఆర్కైవ్ అనే రసాయన శాస్త్ర సైట్ లాంటి చోట ప్రీప్రింట్, అంటే రివ్యూకి ముందటి ప్రతి, పెట్టుకోవచ్చు. తేదీతో సహా మీ పేరు మీద ఉంటుంది.

రివ్యూ వచ్చాక బాధపడే రోజు ఇంకోటి ఉంటుంది, దానికి ఇప్పుడే సిద్ధపడండి. నా మొదటి పేపర్‌కి ఒక రివ్యూయర్, "మూడో గ్రాఫ్‌లోని విలువలు అసాధ్యం" అని రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రే రెండు పేజీల జవాబు రాశాను, మీరు సరిగ్గా చదవలేదన్న అర్థం వచ్చేలా. మా గైడ్ గారు దాన్ని చదివి, మడిచి సొరుగులో పెట్టి, వారం తర్వాత రమ్మన్నారు. వారం తర్వాత గ్రాఫ్ చూస్తే, అడ్డ గీత కింద నిమిషాలు అని ఉండాల్సిన చోట సెకన్లు అని ఉంది. రివ్యూయర్ సరిగ్గానే చదివారు, తప్పు రాసింది నేను. చివరికి పంపిన జవాబు రెండు వాక్యాలు: "మీరు చెప్పింది నిజం, యూనిట్ తప్పు పడింది. మూడో గ్రాఫ్‌లో సరిచేశాం, మిగతా గ్రాఫులన్నీ కూడా మళ్లీ సరిచూశాం." పేపర్ తీసుకున్నారు. రివ్యూయర్ పొరబడినా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఒక నిపుణుడు శ్రద్ధగా చదివి కూడా పొరబడ్డాడంటే అక్కడ మీ రాతలో ఏదో మసక ఉంది. ప్రతి వ్యాఖ్యనీ దించుకుని, దాని కిందే మీ జవాబు, మార్చిన పేజీ నంబర్ రాయండి. ఒప్పుకోలేనిది ఉంటే కారణంతో, మర్యాదగా చెప్పండి. రివ్యూయర్లలో చాలామంది పైసా తీసుకోకుండా చదివిపెడుతున్నారు.

సీనియర్ పేరు సంగతి చివరికి మిగిల్చాను, అదే అన్నిటికంటే ఇబ్బంది కాబట్టి. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ రచయిత అనడానికి నాలుగు షరతులు పెట్టింది, మిగతా రంగాల్లోనూ చాలామంది వాటినే పాటిస్తారు. పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీ వహించాలి. నాలుగూ కావాలి. మొహమాటంతో పెట్టిన పేరు దీనికి నిలవదు.

కానీ గైడ్ గారితో నేరుగా "ఆయన పేరు పెట్టను" అనడం మీ స్థితిలో తేలిక కాదని నాకు తెలుసు. ఒక దారి ఉంది. ఇప్పుడు చాలా జర్నళ్లు ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయమంటున్నాయి. దీనికి క్రెడిట్ అనే 14 పాత్రల జాబితా ఉంది: ఆలోచన, ప్రయోగం, డేటా విశ్లేషణ, మొదటి డ్రాఫ్ట్, నిధులు, ఇలా. దాన్ని పట్టికగా గీసి, మీ పేరు, గైడ్ గారి పేరు నింపండి. సీనియర్ వరుస ఖాళీగా ఉంచి పట్టుకెళ్లి, "సర్, జర్నల్ వాళ్లు ఇది అడుగుతున్నారు. ఆయన దగ్గర ఏ పాత్రలు రాయమంటారు?" అని అడగండి. తప్పు పట్టినట్టు ఉండదు, నిర్ణయం గైడ్ గారి ముందే ఉంటుంది. పరికరం ఇప్పించారనో, మాట సాయం చేశారనో అంటే, అందుకు కృతజ్ఞతల భాగం ఉంది, అక్కడ ఆనందంగా రాయండి. అయినా పట్టుబడితే మీ విభాగంలో మీరు నమ్మే ఇంకో పెద్దవారితో మాట్లాడండి, ఒంటరిగా మోయకండి. ఇదంతా పంపే ముందే తేలాలి, పంపాక పేర్లు మార్చడం చాలా పెద్ద తతంగం.

రేపు ల్యాబ్‌కి వెళ్లగానే మిగిలిన 4 శాతం పలకలు తీసి, ఒక్కో దాని మీద కనీసం ఐదు చోట్ల మందం కొలవండి. 2 శాతం వాటి మీద కూడా అలాగే. ఆ అంకెలు వచ్చాక కొత్త అబ్‌స్ట్రాక్ట్ రాసి పంపండి, చదువుతాను.